తీగ బిగువు, చేతి వాటం: ఎలక్ట్రిక్ గిటార్ ఎంపికపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఎలక్ట్రిక్ గిటార్ గురించినవే. ఏ గిటార్ కొనాలని కొందరు, ఏ తీగలు వేసుకోవాలని మరికొందరు అడిగారు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే వేలికి తగిలే బిగువును గిటార్ పొడవు, తీగ మందం, పెట్టుకున్న శ్రుతి మూడూ కలిసి నిర్ణయిస్తాయి. మొదటి జవాబులో ఆ లెక్కను వివరంగా చెప్పాను. తర్వాతి జవాబులు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: నాలుగేళ్లుగా అకౌస్టిక్ గిటార్ వాయిస్తున్నాను. సినిమా పాటల వరసను ఒక్కో స్వరంగా వాయించడం, మధ్యలో సోలోలు అల్లడం ఇష్టం. ఈ మధ్య బ్లూస్, రాక్ కూడా నేర్చుకుంటున్నాను. మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనాలనుకుంటే ఒక మిత్రుడు స్ట్రాటోకాస్టర్ తరహాది మంచిదంటున్నాడు, ఇంకొకడు లెస్ పాల్ తరహాదే కొనమంటున్నాడు. ఏది కొనాలి? తీగలు 9 వేయాలా, 10 వేయాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ మిత్రులు ఇద్దరూ మంచి గిటార్లనే చెప్పారు. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్‌ను 1952లో, ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌ను 1954లో తెచ్చాయి. ఇవాళ దుకాణాల్లో వేలాడే గిటార్లలో చాలావాటికి ఈ రెంటిలో ఏదో ఒకటి మాతృక. అయితే ఆకారం చూసి ఎంచుకోవడం కంటే ముందు మూడు విషయాలు తెలుసుకోవాలి. తీగ మోగే పొడవు ఎంత, పికప్పులు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఏ రకానివి, గిటార్ ఎంత బరువు అన్నవే ఆ మూడు.

మెడ పై చివర తీగలు ఆనే నట్ నుంచి, గిటార్ ఒంటి మీద అవి ఆనే బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవును స్కేల్ లెంగ్త్ అంటారు. స్ట్రాటోకాస్టర్‌లో అది 25.5 అంగుళాలు, లెస్ పాల్‌లో 24.75 అంగుళాలు. ముప్పావు అంగుళం తేడా కంటికి పెద్దగా ఆనదు గానీ వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ఒకే తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు బిగువు ఆ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పొట్టి గిటార్ మీద అదే తీగ దాదాపు 6 శాతం వదులుగా ఉంటుంది.

ఇక తీగల అంకెలు. 9, 10 అని మనం అనేవి మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నని తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకెలు. 9–42 సెట్ అంటే మొదటి తీగ 9, ఆరో తీగ 42 అని అర్థం. తొమ్మిదికీ పదికీ తేడా ఒక్క అంకే కదా అనిపిస్తుంది కానీ, చుట్టు లేని తీగలో బిగువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25.5 అంగుళాల గిటార్ మీద మామూలు శ్రుతిలో 9 తీగ సుమారు 13 పౌండ్ల బిగువుతో ఉంటే, 10 తీగ 16 పౌండ్లు దాటుతుంది. అది దాదాపు 23 శాతం ఎక్కువ. ఆరు తీగలూ కలిపి చూస్తే 9–42 సెట్ గిటార్ మెడను సుమారు 38 కిలోల బరువుతో, 10–46 సెట్ సుమారు 47 కిలోల బరువుతో లాగుతాయి. తీగల రకం మార్చిన ప్రతిసారీ మెడ కొద్దిగా వంపు మార్చుకోవడానికి కారణం ఇదే.

మీ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. అకౌస్టిక్ గిటార్ మీద సాధారణంగా 12తో మొదలయ్యే మందపాటి సెట్ ఉంటుంది. నాలుగేళ్లు వాటిని నొక్కిన చెయ్యి తనకు తెలియకుండానే గట్టి పట్టుకు అలవాటు పడి ఉంటుంది. అదే పట్టుతో 9 తీగను ఎత్తయిన ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా పాతిన లోహపు కమ్మీల) మీద నొక్కితే తీగ కలపకు ఆనేదాకా దిగి స్వరం కాస్త పైకి పోతుంది. కార్డ్ పట్టినప్పుడు ఆరు తీగలూ సరైన శ్రుతిలో ఉన్నా అపశ్రుతిలా వినిపిస్తాయి. చాలామంది అప్పుడు గిటార్ బాగాలేదనుకుంటారు, నిజానికి అక్కడ తగ్గించుకోవలసింది వేలి ఒత్తిడి. ఫ్రెట్‌కు ఆనీ ఆననట్టు నొక్కి, స్వరం స్పష్టంగా పలకడానికి ఎంత ఒత్తిడి చాలునో రోజూ కాసేపు పరీక్షించుకుంటే చెయ్యి కొన్ని వారాల్లో తేలికపడుతుంది.

పికప్పుల సంగతికి వస్తే, స్ట్రాటోకాస్టర్‌లో సింగిల్ కాయిల్ పికప్పులు మూడుంటాయి. వాటి నాదం తేటగా, అంచులు విడివిడిగా వినపడేలా ఉంటుంది. లెస్ పాల్‌లో ఉండే హంబకర్ రెండు కాయిల్స్‌ను జతచేసినది కాబట్టి దాని నాదం నిండుగా, కాస్త గుండ్రంగా ఉంటుంది, డిస్టార్షన్‌లో, అంటే ధ్వనిని కావాలనే గరగరలాడించినప్పుడు, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. సినిమా పాట వరస వాయించేవారికి తేట నాదమూ కావాలి, దీర్ఘమైన స్వరం నిలవడమూ కావాలి. అందుకని బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్, మిగతా రెండు చోట్లా సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్ మీకు సరిపోతుందని నా అభిప్రాయం. యమహా పసిఫికా 112 ఈ అమరికకు బాగా తెలిసిన ఉదాహరణ. స్క్వయర్, ఐబానెజ్, కోర్ట్ కంపెనీలలో కూడా ఇలాంటివి దొరుకుతాయి. బరువులో కూడా ఇది మీకు అనుకూలం. లెస్ పాల్ తరహా గిటార్ నాలుగు కిలోలు దాటడం మామూలే, స్ట్రాటోకాస్టర్ తరహావి ఎక్కువగా మూడున్నర కిలోల చుట్టుపక్కల ఉంటాయి. గంటసేపు నిలబడి వాయించాక ఆ అరకిలో తేడా భుజానికి తెలుస్తుంది.

ఇలాంటి గిటార్లకు తయారీలోనే ఎక్కువగా 9–42 తీగలు వేసి పంపుతారు. మొదటి నెల వాటినే ఉంచుకుని చేతిని తేలిక చేసుకోండి. ఆ తర్వాత కూడా కార్డ్స్ మీటేటప్పుడు తీగలు మరీ వదులుగా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే 9.5–44 సెట్‌కు వెళ్లండి. నేరుగా 10–46కు వెళ్లడం తప్పు కాదు గానీ, మీరు నేర్చుకుంటున్న బ్లూస్‌లో తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకెత్తే పని చాలా ఉంటుంది. ఆ లాగుడు మొదట్లో తేలికైన తీగ మీద సరైన స్వరానికి చేరడం నేర్చుకుంటే చెవి త్వరగా కుదురుతుంది. లెస్ పాల్ తరహా గిటార్ మీద మనసు పడితే మాత్రం 10–46 వేసుకోండి, పొట్టి స్కేల్ వల్ల అక్కడ ఆ బిగువు కాస్త తగ్గుతుంది.

దుకాణంలో చూడవలసినవి చెబుతాను. ముందు ఆంప్‌కు (ధ్వనిని పెంచే ఆంప్లిఫయర్‌కు) కలపకుండానే గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టండి. తర్వాత అదే కార్డ్ ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పట్టండి. ఐదో ఫ్రెట్ దగ్గర తేలికగా పలికి, మొదటి ఫ్రెట్ దగ్గర వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కవలసి వస్తే నట్‌లోని గాళ్లు లోతు చాలలేదని అర్థం. ఇది కొత్త గిటార్లలో తరచూ కనిపించే లోపం, తెలిసిన పనివాడు అరగంటలో సరిచేస్తాడు. తర్వాత ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కొక్కసారి మీటుతూ ఎక్కడైనా బుర్రుమని మోగుతోందేమో, స్వరం చచ్చిపోతోందేమో వినండి. రెండో తీగను 12 నుంచి 15వ ఫ్రెట్ దాకా ఒక్కోచోట పట్టి ఒక పూర్తి స్వరం పైకి లాగండి. లాగుతున్నప్పుడు ధ్వని హఠాత్తుగా ఆగిపోతే తీగ పై ఫ్రెట్లకు తగులుతోందన్నమాట. పాత ఫెండర్ నమూనాలలో ఫ్రెట్ బోర్డు వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధంతో ఎక్కువ గుండ్రంగా ఉండడం వల్ల, తీగలను బాగా కిందికి దించి పెట్టినప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. 9.5 లేదా 12 అంగుళాల వ్యాసార్ధం ఉన్న బోర్డులో ఇది తక్కువ. ఆఖరున అరచేతిని మెడ అంచు వెంట పైనుంచి కిందికి జరిపి చూడండి. ఫ్రెట్ కొసలు గీరుకుంటే ఆ గిటార్ పక్కన పెట్టేయండి, లేదా అది బాగు చేసిచ్చాకే డబ్బు కట్టండి.

ఉన్న డబ్బంతా గిటార్‌కే పెట్టవద్దు. ఆంప్‌కు, మంచి కేబుల్‌కు, ఒక సెట్ అదనపు తీగలకు, సెటప్ చేయించడానికి ముందే కొంత పక్కన ఉంచుకోండి. సెటప్ అంటే మెడలోని ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని తిప్పి వంపు సరిచేయడం, 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తును మొదటి తీగకు సుమారు 1.6 మిల్లీమీటర్లకు, ఆరో తీగకు సుమారు 2 మిల్లీమీటర్లకు తేవడం, బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చోటును సర్ది పై స్థాయి స్వరాలు కూడా శ్రుతిలో పలికేలా చేయడం. సెటప్ చేసిన మామూలు గిటార్, సెటప్ లేని ఖరీదైన గిటార్ కంటే చేతికి హాయిగా ఉంటుంది. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే ఎంతోమంది విద్యార్థులు చక్కటి గిటార్‌ను చేతిలో పెట్టుకుని, తీగలు ఎత్తుగా ఉన్నందువల్ల వేళ్లు నొప్పెట్టి, తమకు సంగీతం రాదనుకుని మానేస్తున్నారు.

ప్రశ్న: కర్ణాటక సంగీతం పదేళ్లు పాడాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మీద కీర్తనలు వాయించాలని ప్రయత్నిస్తున్నాను. గమకాల కోసం తీగ లాగితే వేలి కొసలు కోసుకుపోతున్నాయి, మొదటి తీగ తరచూ తెగుతోంది. ఇంకా సన్నని తీగలు వేసుకోవాలా? గిటార్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మీ ఊరికి దగ్గర్లోని పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఇలాంటి సమస్యనే మాండొలిన్ మీద ఎదుర్కొన్నారు. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. ఆ జంటను ఒకే వేలితో లాగి రెండు తీగలనూ ఒకే స్వరానికి చేర్చడం చాలా కష్టం, పైగా ఆ వాద్యంలో స్వరం త్వరగా ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలున్న ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను వాయించి ఆ రెండు అడ్డంకులనూ దాటారు. గమకానికి వాద్యం లొంగడం లేదనిపించినప్పుడు రాగాన్ని కుదించుకోకుండా వాద్యాన్ని సర్దుకున్న ఆ పద్ధతే మీకూ దారి చూపిస్తుంది. గిటార్ మీద ఈ సంగీతాన్ని నిలబెట్టిన ఆర్. ప్రసన్న వాదన కూడా శ్రద్ధగా వినండి, ఏ గమకానికి తీగ లాగుతున్నారో, ఏ గమకానికి తీగ వెంట జారుతున్నారో వేరు చేసి గుర్తుపట్టే ప్రయత్నం చేయండి.

సన్నని తీగకు మారేముందు శ్రుతిని దించి చూడండి. గిటార్ పాశ్చాత్య శ్రుతిలోనే ఉండాలన్న నియమం మీకు అవసరం లేదు. ఆరు తీగలనూ రెండేసి స్వరస్థానాలు దించితే బిగువు సుమారు 21 శాతం తగ్గుతుంది, అంటే 10–46 సెట్ దాదాపు 9–42 సెట్ అంత మెత్తబడుతుంది. పైగా తీగ మందం అలాగే ఉంటుంది కాబట్టి నాదం పలచబడదు, అదే దూరం లాగినా స్వరం ఇంకొంచెం ఎక్కువ పైకి వెళుతుంది. ఈ రెండో లాభం గమకానికి చాలా విలువైనది. సన్నని తీగకు మారితే లాగడానికి కావలసిన బలం తగ్గుతుందే తప్ప, ఒక స్వరం పైకి వెళ్లడానికి తీగను పక్కకు జరపవలసిన దూరం పెద్దగా తగ్గదు. శ్రుతి దించితే బలమూ దూరమూ రెండూ తగ్గుతాయి.

మూడో తీగ ఏ రకందో చూసుకోండి. మూడో తీగకు చుట్టు ఉండకూడదు. చుట్టు తీగలో లోపలి కమ్మీ సన్నగా ఉండి, పైన చుట్టిన లోహం బరువును మాత్రమే ఇస్తుంది కాబట్టి దాన్ని ఎంత లాగినా స్వరం కొద్దిగానే పైకి పోతుంది. 9, 10, 11 సెట్లలో మూడో తీగ సాధారణంగా చుట్టు లేనిదే. జాజ్ వాయించేవారి కోసం చేసే 12 సెట్లలో చాలావాటికి అది చుట్టు తీగగా వస్తుంది, అవి మీకు పనికిరావు.

గిటార్ మార్చదలచుకుంటే 24.75 అంగుళాల స్కేల్, ఎత్తయిన ఫ్రెట్లు, 12 అంగుళాలో అంతకన్నా చదునైనదో అయిన ఫ్రెట్ బోర్డు ఉన్నదాన్ని చూడండి. ఎత్తయిన ఫ్రెట్ మీద వేలి కొస కలపకు రాసుకోదు, తీగ కిందికి దూరి దాన్ని పక్కనుంచి పట్టుకుంటుంది. కంపితం లాంటి సున్నితమైన ఊపుకు ఈ పట్టు చాలా సాయపడుతుంది.

మొదటి తీగ ఎక్కడ తెగుతోందో గమనించండి. ఎప్పుడూ బ్రిడ్జి దగ్గరే తెగుతుంటే అక్కడ తీగ ఆనే సాడిల్ మీద గరుకు ఏర్పడి ఉంటుంది, బాగుచేసేవారు సన్నని గరుకు కాగితంతో నునుపు చేస్తారు. నట్ దగ్గరో శ్రుతి మేకుల దగ్గరో తెగుతుంటే గాడి ఇరుకుగా ఉందేమో చూడాలి. వాయించే చోటే తెగుతుంటే ఫ్రెట్ అరిగి అంచు కట్టి ఉంటుంది. ఈ మూడింటికీ కొత్త గిటార్ అవసరం లేదు. వేలి కోత మాత్రం, రోజుకు రెండు మూడు విడతలుగా కొద్దిసేపు సాధన చేస్తే చర్మం గట్టిపడి తగ్గుతుంది. ఒకే విడతలో రెండు గంటలు లాగితే పుండే మిగులుతుంది.

ప్రశ్న: మా సంఘంలో ఆదివారం ఆరాధనలో గిటార్ వాయిస్తాను. ఆంప్ వేయగానే గుయ్యిమనే రొద మొదలవుతుంది, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. హంబకర్లున్న కొత్త గిటార్ కొంటే ఈ రొద పోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొంత పోతుంది గానీ, కొనేముందు కరెంటు సంగతి చూసుకోండి. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. దాని చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పికప్ పట్టుకుని తీగ ధ్వనితో పాటే ఆంప్‌కు పంపుతుంది. ఈ రొదను తగ్గించడానికే గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో హంబకర్‌ను రూపొందించారు. రెండు కాయిల్స్‌ను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంత ధ్రువాలను కూడా తలకిందులు చేసి కలిపితే, బయటి నుంచి వచ్చే రొద ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది, తీగ ధ్వని మాత్రం రెండింటిలోనూ కలిసి పెరుగుతుంది. మీ గిటార్‌లో మూడు పికప్పులుంటే స్విచ్‌ను రెండో లేదా నాలుగో స్థానంలో పెట్టి వినండి. ఈ కాలపు గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ ఎదురు దిశలో చుట్టి ఉంటుంది కాబట్టి, రెండు పికప్పులు కలిసే ఆ స్థానాల్లో రొద దాదాపు ఆగిపోతుంది. అదే మీకు చాలితే కొత్త గిటార్ ఖర్చు తప్పుతుంది.

తీగలను తాకితే రొద తగ్గడం మామూలే. తీగలు బ్రిడ్జి ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి, మీ శరీరం పోగుచేసే రొద ఆ దారిన పోతుంది. దీనికి భిన్నంగా, తాకినప్పుడు రొద పెరిగినా, పెదవి మైకుకు తగిలినప్పుడు చిమచిమలాడినా ఆ క్షణమే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే మరణించారు. ఆంప్, మిక్సర్ రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. వేర్వేరు గోడల నుంచి ఇచ్చినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య తేడా వచ్చి అదొక కొత్త రొద పుడుతుంది, దాన్ని ఏ హంబకరూ ఆపలేదు.

ప్రశ్న: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. వేసిన నెలకే తీగలు నల్లబడి గరుకెక్కుతున్నాయి. మందమైనవి వేస్తే ఎక్కువ కాలం ఉంటాయా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉండవు. తుప్పుకు కారణం చెమట, ఉప్పుగాలి, తేమ. ముందుగా తుప్పు పట్టేవి చుట్టు లేని మొదటి మూడు తీగలే. పూత వేసిన తీగలు వాడి చూడండి, ఎలిక్సిర్ లాంటివి ధర ఎక్కువైనా మీలాంటి చోట గిట్టుబాటవుతాయి. వాయించాక పొడి నూలు గుడ్డను తీగల కిందికి కూడా దూర్చి తుడవండి, గిటార్‌ను గోడకు వేలాడదీయకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో ఉంచండి. తీగను విడిగా మోగించినప్పుడు శ్రుతిలో ఉండి, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే శ్రుతి తప్పుతోందంటే, సెటప్ సరిగా ఉన్న గిటార్ విషయంలో ఆ తీగ పని అయిపోయినట్టే.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఎలక్ట్రిక్ గిటారే కావాలంటోంది. ముందు అకౌస్టిక్ నేర్పించి తర్వాత ఇది కొనాలా? చిన్న గిటార్‌కు సన్నని తీగలే వేయాలి కదా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పాప అడిగినదే కొనండి. ఎలక్ట్రిక్ తీగలు అకౌస్టిక్ తీగల కంటే సన్నగా, ఫ్రెట్లకు దగ్గరగా ఉంటాయి కాబట్టి పసివేళ్లకు ఇదే సుఖం. చిన్న పిల్లల కోసం స్క్వయర్ మినీ 22.75 అంగుళాల స్కేల్‌తో, ఐబానెజ్ మైక్రో 22.2 అంగుళాల స్కేల్‌తో వస్తాయి. తీగల విషయంలో మాత్రం మీరనుకున్నదానికి వ్యతిరేకంగా చేయాలి. స్కేల్ పొట్టిదైన కొద్దీ బిగువు తగ్గుతుంది కాబట్టి 22.75 అంగుళాల గిటార్ మీద 10 సెట్ వేస్తే పెద్ద గిటార్ మీద 9 సెట్ ఉన్నట్టుంటుంది. అక్కడ 9 వేస్తే తీగలు వదులై, నొక్కగానే స్వరం పైకి జారి, పాప చెవికి మొదటి నుంచే తప్పు శ్రుతి అలవాటవుతుంది.

ప్రశ్న: మా కాలేజీ బ్యాండ్‌లో మెటల్ వాయిస్తాం. గిటార్‌ను రెండు పూర్తి స్వరాలు దించి సి శ్రుతిలో పెడితే 9 తీగలు తాళ్లలా వేలాడుతున్నాయి. 11 సెట్ వేస్తే బ్రిడ్జి వెనుక భాగం పైకి లేచిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: 11 సెట్ వేయాలన్న మీ అంచనా సరైనదే, మిగిలింది గిటార్‌ను ఆ తీగలకు సర్దడమే. రెండు పూర్తి స్వరాలు దించితే బిగువు దాదాపు 37 శాతం పడిపోతుంది. మామూలు శ్రుతిలో 10 సెట్ ఇచ్చే పట్టు సి శ్రుతిలో కావాలంటే 12 లేదా 13తో మొదలయ్యే సెట్ వెయ్యాలి, 9 సెట్ పట్టు చాలనుకుంటే 11 సెట్ సరిపోతుంది. శ్రుతి దించడంలో తప్పేమీ లేదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ యుక్తవయసులో ఫ్యాక్టరీ ప్రమాదంలో ఫ్రెట్లు నొక్కే చేతి వేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. తేలికైన తీగలు వాడడం, శ్రుతి దించడం ఆయన వాయింపులో భాగమై, మెటల్ సంగీతపు బరువైన నాదానికి పునాది అయ్యాయి. స్టీవీ రే వాన్ దీనికి భిన్నంగా 13 తీగలు వేసి ఒక్క స్వరస్థానమే దించి వాయించేవారు. అంత గట్టి తీగలు అందరి చేతికీ పడవు, పేరు విని వేసుకోవద్దు.

మీది తేలే బ్రిడ్జి. దానికి ముందు నుంచి తీగలు లాగుతుంటాయి, వెనుక గూటిలోని స్ప్రింగులు ఎదురు లాగుతుంటాయి, రెండూ సమానమైతేనే బ్రిడ్జి చెక్కకు సమాంతరంగా నిలుస్తుంది. మీరు తీగలను సి శ్రుతికి దించకముందే మామూలు శ్రుతికి బిగించి ఉంటారు, అప్పుడు 11 సెట్ లాగే బరువు 50 కిలోలు దాటుతుంది. ముందు సి శ్రుతికి దించండి. బ్రిడ్జి ఇంకా లేచే ఉంటే వెనుక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన కొక్కెం స్క్రూలు రెండింటినీ సమానంగా అర చుట్టు చొప్పున బిగించి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. బ్రిడ్జి సమాంతరమయ్యేదాకా ఇలా బిగించడం, శ్రుతి చేయడం మార్చి మార్చి చేయాలి. ప్రతిసారీ ఆరు తీగల శ్రుతీ కదులుతుంది కాబట్టి ఓపిక కావాలి. స్క్రూలు పూర్తిగా లోపలికి వెళ్లినా చాలకపోతే ఒక స్ప్రింగు అదనంగా తగిలించండి.

దీని తర్వాత నట్ చూడండి. 9 తీగల కోసం కోసిన గాడిలో మందపాటి తీగ పైపైన కూర్చుంటుంది లేదా ఇరుక్కుంటుంది, శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని శబ్దం చేస్తూ గెంతుతుంది. గాడిని వెడల్పు చేయడానికి కొలత ప్రకారం చేసిన సన్నని ఆకురాళ్లు ఉంటాయి, అవి లేకుండా ఇంట్లో ఉన్నదానితో రాయకండి, లోతు ఎక్కువైతే నట్ మార్చవలసి వస్తుంది. మెడ వంపు మారి ఉంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు మించకుండా తిప్పి, ఒక రోజు ఆగి చూడండి. మామూలు శ్రుతిలో పాటలు కూడా వాయించవలసి ఉంటే ఈ గిటార్‌ను సి శ్రుతికే ఉంచేసి, రెండోది బ్రిడ్జి కదలనిదాన్ని కొనుక్కోవడం మంచిది. తేలే బ్రిడ్జి ఉన్న గిటార్‌ను పాటపాటకూ శ్రుతి మార్చి వాయించడం వేదిక మీద సాధ్యం కాదు.